మోటకుంట లూటీ

అండాలమ్మ నోరు మంచిది కాదన్న సంగతి అల్మాస్‌గూడ చౌరస్తల అందరికి ఎరికే. గోనెసంచి పరిచి, కత్తిపీట ముంగటేసుకుని ఆమె కూసున్నదంటె పక్కన అరటిపండ్ల బండోడు తన బండిని జరంత అవుతలికి జరుపుకుంటడు. "గీ చేప నిన్నటిదా?" అని ఎవరన్న అడిగిన్రనుకో, "నిన్నటిది తినే మొకం నాది, తాజాది తినే మొకం నీది, తీస్కపో" అంటది. అడిగినోళ్ళు నవ్వుకుంట తీస్కపోతరు. తిట్లు పడ్డా సరే మళ్ళ ఆమె దగ్గెరికే ఒస్తరు. ఎందుకంటె తూకంల ఆమె మోసం చెయ్యది.

కోపం ఆమెకు కొత్త గాదు. గని ఈ ఎండకాలం ఒచ్చినంత కోపం ముందెన్నడు రాలే. గది చెప్పాల్నంటె ముందుగాల మోటకుంట సంగతి చెప్పాలె.

అండాలమ్మ చిట్యాల అవుతలి పల్లె నుంచి పెండ్లయి ఒచ్చిన నాడు, కుంట కట్ట మీద నిలవడితె అవుతలి ఒడ్డు మసక మసకగ కనపడేది. ఎల్బీనగర్ దిక్కు జొన్న చేన్లు, ఇటు దిక్కు తాటివనం. ఇగ ఇప్పుడు చూడు! మూడు దిక్కుల కాలనీలు, నాలుగో దిక్కు ఫంక్షన్ హాలు. కుంట సగం పూడ్చి ప్లాట్లు కొట్టి, దానికి పెట్టిన పేరేందో తెలుసా? లేక్ వ్యూ కాలనీ. చెరువును మింగినోళ్ళు, చెరువు మంచిగ కనపడ్తదని కమాన్ మీద బోర్డు రాసుకున్నరు. సిగ్గన్నది ఉంటె గదా!

మిగిలిన సగంలనే బెస్తోళ్ళ సంఘం వానకాలం చేపపిల్లలను ఇడుస్తది. అండాలమ్మ పెనిమిటి సాయిలు ఆ సంఘంల పెద్దింటి కొడుకు. కామెర్లయి దవాఖానల పోయిండు. అప్పుడు కొడుకు జగన్ ఇంక బడికి పోతున్నడు. ఆ ఇండ్లల్ల ఆడోళ్ళు చేపలమ్ముతరు గని నీళ్ళల్ల దిగరు. సాయిలు దినాలు అయినంక అండాలమ్మ చీర గోచి పెట్టి, లారీ ట్యూబు మీద ఎక్కి, వల భుజానేసుకుని కుంటల దిగింది. సాయిలు చిన్నాయిన కొడుకు, చిన్నింటి బక్కయ్య కట్ట మీద నుంచి ఒర్రిండు: "వదినె, మా ఇజ్జత్ తీస్తున్నవ్!"

"నీ ఇజ్జత్ నా పిలగానికి బువ్వ పెడ్తదా? పెడ్తనంటె చెప్పు, గిప్పుడే ఒడ్డుకొస్త" అన్నది. బక్కయ్య తువ్వాల దులుపుకుని కట్ట దిగిపోయిండు.

నీళ్ళల్ల ఆమె సాయిలు చెప్పిన పద్ధతే నడిపింది. అండ్ల ఒక పద్ధతి మీద మాత్రం ప్రాణం పోయినా తప్పకపోయేది. కొర్రమట్ట పిల్లలను పెట్టుకున్నప్పుడు దాని మీద వల ఎయ్యొద్దు. కొర్రమట్ట అన్ని చేపల లెక్క గాదు. గుడ్లు పెట్టి ఎల్లిపోదు. ఎర్రగ కుంకుమ రంగున్న పిల్లలు గుంపుగ పైకి ఒస్తుంటె, తల్లి కింద నుంచి కావలి కాస్తది. గుంపు మీద వల ఏస్తె తల్లి తప్పిచ్చుకోదు, పిల్లల కోసమని వలకే ఎదురొస్తది. అట్ల దొరికిన చేపను అమ్ముకుని తింటె ఇల్లు బాగుపడదని సాయిలు అనేటోడు. జగన్‌ను గూడ భుజాల మీద ఎక్కిచ్చుకుని, తూము కాడ ఎర్ర పిల్లలను చూపిచ్చి చెప్పిండు.

ఇంకో పద్ధతి లూటీ. ఎండకాలం కుంట అడుగంటినంక సంఘపోళ్ళు ముందుగాల తమ చేపలు పట్టుకుంటరు. అయిపోయినంక పెద్దింటోళ్ళు కట్ట మీద నిలవడి "లూటీ!" అని కేకేస్తరు. ఆ కేక పడ్డదంటె ఇగ కులం లేదు, సంఘం లేదు. ఎవరు దిగినా, ఎవరు పట్టినా, పట్టినోనిదే చేప. బుట్టలు, దోమతెరలు, చీరలు, ఏది దొరికితె అది పట్టుకుని ఊరంతా దిగుతది. కేక ఏసే హక్కు సాయిలు ఇంటిది. సాయిలు పోయినంక అండాలమ్మది. ఆమె ఆ కేక ఎన్నడు ఎయ్యలే. కాలనీలు పడ్డప్పటి సంది కుంట ఎండిందే లేదు. లూటీ అంటె ఏందో గూడ కొత్తోళ్ళకు తెల్వదు.

ఇగ పోయిన వానకాలం వానలు ముఖం చాటేసినయి. కుంట సగానికి గూడ నిండలే. సంక్రాంతి దాటంగనే బతుకమ్మ మెట్ల కింది మెట్టు బయటపడ్డది. శివరాత్రికి చాకలి బండ మొత్తం తేలింది. ఉగాది నాటికి అవుతలి ఒడ్డు పర్రెలు బాసి, దాని మీద పిలగాండ్లు క్రికెట్ ఆడుతున్నరు. కాలనీలల్ల బోర్లు ఒక్కొక్కటే ఎండుకుంట ఒచ్చినయి. చైతన్యపురి దాకా ఏ గల్లీల చూసినా ట్యాంకర్లే.

అయినా అండాలమ్మ ధైర్యంగనే ఉన్నది. తూము ముంగట పెద్ద గుంత ఉన్నది, దాంట్ల నీళ్ళు ఎంత ఎండకైనా మృగశిర దాకా ఆగుతయి. మృగశిర కార్తె నాడు పట్నంల చేప తినని ఇల్లుండదు. సంఘం పేరు మీద తనే ఇడిచి ఏడాదంత పెంచిన బొచ్చెలు, రవ్వలు ఆ పొద్దు అమ్ముకుంటేనే ఆమెకు వానకాలమంతా ఎల్తది. అందుకే ఏప్రిల్ సంది ఆమె గుంతల వల ఎయ్యలే. ఒడ్డు ఎంబడి దొరికిన చిన్నయి చితకయి చౌరస్తల అమ్ముకుంట మృగశిర కోసం కూసున్నది. గదీగాక గుంతల ఒక కొర్రమట్ట పిల్లలను పెట్టుకున్నది. తెల్లారంగ తూము మీద కూసుని ఆ ఎర్ర గుంపు నీళ్ళ మీదికి ఒచ్చుడు, కిందికి పోవుడు చూసొస్తేనే ఆమెకు చాయ్ దిగేది.

గని రోజు రోజుకు గుంతల నీళ్ళు ఎండ తాగేదానికన్న ఎక్కువ తగ్గుతున్నయి. ఏందో సమజ్ గాక ఆమె పరేషాన్ల పడ్డది. తూము కారుతున్నదేమోనని గుడ్డలు కుక్కింది. కట్టమైసమ్మకు కల్లు సాక పోసి, "చూస్తున్నవా లేదా? కండ్లు మూసుకున్నవా?" అని అమ్మవారిని గూడ అడిగింది.

సంగతి తెలిసింది ఒక ఆదివారం నాడు. లేక్ వ్యూ కాలనీల ఉండే ఉదయలక్ష్మి చేపల కోసం ఒచ్చింది. ఆమెది గుంటూరు దిక్కు, భర్త బ్యాంకుల పని చేస్తడు. ప్రతి ఆదివారం ఒస్తది, బేరం ఆడుతది, అండాలమ్మతోని నాలుగు మాటలు పడ్తది, పోతది. ఇద్దరికి అదొక అలవాటు. ఆ పొద్దు చేతిల సంచి లేదు, స్టీలు గ్లాసు ఉన్నది.

"అండాలమ్మా, ఇదేంటో కాస్త చూడు. పొద్దున బకెట్లోకి వచ్చింది. మా అత్తగారు పాముపిల్ల అని ఒకటే గోల. చేపే కదా?"

అండాలమ్మ గ్లాసులకు తొంగి చూసింది. గోరంత చేపపిల్ల, ఎర్రగ, కుంకుమ రంగు. గ్లాసు అంచు పట్టుకుని గిరగిర తిరుగుతున్నది.

అరటిపండ్లోడు గూడ ఇటు మల్లి చూసిండు, ఏందబ్బ గీమెకు మాట రాకపోవుడేందని.

"బకెట్లకు ఏడికెళ్ళి ఒచ్చిందమ్మా?"

"సంపులోంచే. ట్యాంకర్ నీళ్ళు పోయించుకున్నాం. మంచి బోరు నీళ్ళన్నాడు. కానీ నీళ్ళు కూడా అదో రకం నీచు వాసన." ఉదయలక్ష్మి ముక్కు ముడిచింది. "అయినా నీకు తెలీదా? తెచ్చేది మీ జగనే కదా!"

జగన్ నడిపేది బక్కయ్య ట్యాంకరే. హయత్‌నగర్ కాడ బోరు కిరాయికి తీసుకున్నరని ఇంట్ల చెప్పిండు. బోర్ల కొర్రమట్ట పిల్లలు ఎట్ల పుడ్తయి? అండాలమ్మ గోనెసంచి ఆడనే ఇడిచిపెట్టింది. అమ్మాల్సిన చేపలను "నువ్వే చూస్కో" అని అరటిపండ్లోనికి చెప్పి, గ్లాసు గుంజుకుని కుంట దిక్కు నడిచింది. ఎనుకనుంచి ఉదయలక్ష్మి "నా గ్లాసు! నా గ్లాసు!" అంటున్నది.

తూము పక్కన గుర్రపు డెక్క కింద లావుపాటి నల్ల పైపు. కాలితోని డెక్క జరిపితె కనపడ్డది. రోజు తెల్లారంగ ఆడనే కూసుంటది గదా, ఎన్నడు చూడలే. తన కండ్ల మీద తనకే కోపమొచ్చింది. పైపు వెంబడి కట్ట ఎక్కి దిగింది. కట్ట ఎనుక తుమ్మచెట్లల్ల రేకుల షెడ్డు, అండ్ల, ఆమె చౌరస్తకు పోయినంకనే నడిచే మోటరు, షెడ్డు ముంగట నీలం ట్యాంకర్. బక్కయ్య ప్లాస్టిక్ కుర్చీల కూసుని బీడీ తాగుతున్నడు. జగన్ ట్యాంకర్ మీద నిలవడి మూతల పైపు పట్టుకుని ఉన్నడు.

"దిగురా కిందికి!"

జగన్ దిగిండు. ఆమె గ్లాసు కొడుకు మొకం ముంగట పెట్టింది. "గిది ఎవరి పిల్లరా?"

జగన్ చూసిండు. చూసినోడు గుర్తువట్టిండు. అది అతని మొకంల కనపడ్డది. అందుకే ఆమె కోపం ఇంక మండింది. తెల్వక చేసినోనికి చెప్పొచ్చు, తెలిసి చేసినోనికి ఏం చెప్తది?

"ఒక్క చేపపిల్లకు గింత లొల్లా అమ్మా?" అన్నడు తల పక్కకు తిప్పుకుని. "ఎండకైనా ఆవిరైపోయే నీళ్ళే గదా. ఊకె పోతయి. మనకైన పనికొస్తయి. నా పిల్లల ఫీజులు నువ్వు కడ్తవా?"

"నిన్ను నేను గీ నీళ్ళల్లనే పెంచిన్రా! బోరు నీళ్ళతోని పెంచలే!"

బక్కయ్య బీడీ పారేసి లేచిండు. "వదినె, ఊకె ఒర్రకు. సంఘానికి అధ్యక్షుణ్ణి నేను. ఎండకాలం నీళ్ళు సంఘానియి. కావాల్నంటె నీ చేపలు నువ్వు గిప్పుడే పట్టుకో, అమ్ముకో. ఎవలొద్దన్నరు?"

"సగం పెరిగిన చేపలను ఎవనికమ్మాలె? నీ తద్దినానికి ఒండిపెట్టాల్నా?"

"నోరు మంచిగ రానియ్యి."

"నా నోరు గిట్లనే ఉంటది. నీ పని మంచిగుంటె నా నోరుతోని నీకేం పని?"

మోటరు ఆగలే. ఆమె కండ్ల ముంగటనే ట్యాంకర్ నిండింది, జగన్ తల్లి దిక్కు చూడకుండ బండెక్కి పోయిండు. గ్లాసుల పిల్లను ఆమె తూము గుంతల ఇడిచింది. ఎర్ర గుంపు సన్నబడ్డది. ఎన్ని పిల్లలు ఎవరెవరి సంపులల్ల పడ్డయో, ఎవరెవరి బకెట్లల్ల సచ్చినయో.

మరునాడు మోటరు సంగతి చెప్ప చేపలశాఖ ఆఫీసుకు పోయింది. ఆడ ఒక సారు మంచిగనే ఇన్నడు, ఫీల్డు మీదికి ఒస్తమన్నడు. ఆమె పొద్దంత కట్ట మీద కూసుని తొవ్వ చూసింది. ఎవరు రాలే. సంఘంల మిగిలిన ఇండ్లకు పోయింది. ఒకరు పెయింటింగ్ పనికి పోతున్నరు, ఒకరు మాల్‌ల సెక్యూరిటీ. "ఇంక కుంటెక్కడున్నది అండాలక్క, మురిక్కాల్వ గదా" అన్నరు. ఆమె వాళ్ళను తిట్టలే గూడ. తిట్టడానికి గూడ మనిషి అటు దిక్కు ఉండాలె గదా!

ఆఖరికి ఉదయలక్ష్మి ఇంటికి పోయింది. గ్లాసు ఇచ్చి, గేటు కాడనే నిలవడి సంగతంత చెప్పింది. "మీ కాలనీవోళ్ళు గా నీళ్ళు కొనుడు బంద్ చేస్తె వాడు మోటరు బంద్ చేస్తడు. మృగశిర దాకా ఆగున్రి, జర."

ఉదయలక్ష్మి మొకం ఎర్రబడ్డది. "ఆగమంటావా? ఎలా ఆగాలి? మా అత్తగారు మంచం మీద ఉన్నారు, రోజూ దుప్పట్లు ఉతకాలి. బోరు ఎంత లోతు వేయించినా దుమ్మే వచ్చింది. నీ చేపల కోసం మేం ఎక్కడికి పోవాలి అండాలమ్మా? చెప్పు, ఎక్కడికి పోవాలి?"

లోపల నుంచి ముసలామె మూలుగు ఇనపడ్డది. అండాలమ్మకు జవాబు దొరకలే. దొరకలేదన్న కోపంతోనే ఇంటికొచ్చింది. ఆ కోపంతోనే బువ్వ కలిపింది, ఆ కోపంతోనే చెయ్యి కడుక్కున్నది. మనిషి కష్టానికి ఎదురుమాట లేదు, నిజమే. గని చేప కష్టానికి ఎవరు మాట్లాడాలె మరి?

రోహిణి కార్తె ఎండలు దంచుతున్నయి. గుంతల నీళ్ళు మోకాళ్ళ లోతుకొచ్చినయి. బొచ్చెలు తలలు పైకి పెట్టి నోళ్ళు తెరుస్తున్నయి. ఇట్లనే నడిస్తె మృగశిర దాకా చేపలుండవు, నీళ్ళుండవు, ట్యాంకర్ మాత్రం ఉంటది. తెల్లారుజామున తూము మీద కూసుని ఆమె చూస్తున్నది. చూస్తుంటె సాయిలు మతికొచ్చిండు. లూటీ నాడు నీళ్ళెట్లుండేటియో మతికొచ్చింది. ఊరంత దిగి తొక్కితె కుంట నిండ బురద, నాలుగు రోజుల దాకా ఎద్దు గూడ మూతి పెట్టకపోయేది.

ఎద్దే తాగని నీళ్ళను మోటరెట్ల తాగుతది?

లేచి నిలవడ్డది. లూటీ కేక ఏస్తె ఏడాది చేపలు మొత్తం పోతయి. పట్టినోనిదే చేప, ఒక్కటి గూడ అడిగేది లేదు. అది సరే, పోతె పోనియ్యి. పైపు ఉన్నది తూము గుంతల. కొర్రమట్ట ఉన్నది గూడ అదే గుంతల. గుంతను ఇడిచి మిగిలిన కుంట తొక్కితె మోటరు ఆగది. గుంతను తొక్కితె తల్లి మీద, పిల్లల మీద తొక్కినట్టే. సాయిలు బతికుంటె చెయ్యెత్తి కొట్టేటోడు.

"మరి నువ్వు లేవు గదా!" అని పైకే అన్నది. "పోయినోడివి పోయినవ్. ఉన్నదాన్ని నేను. ఏం చెయ్యాల్నో నేనే చెయ్యాలె."

పొద్దెక్కంగనే కట్టమైసమ్మ గద్దె కాడ నిలవడి, కొంగు బిగిచ్చి కేకేసింది. "లూటీ! మోటకుంట లూటీ! ఓ... లూటీ!"

ముందు ఎవరికి సమజ్ కాలే. బస్తీల ఒక ముసలోడు ఇని, మంచం మీద నుంచి దిగ్గున లేచి, "అరె లూటీ కేక పడ్డదిరా!" అని బనీను మీదనే ఉరికిండు. అంతె! ఆమె గల్లీ గల్లీ తిరుక్కుంట కేకేసింది. ఆటోలు ఆగినయి. బిల్డింగు పని కాడి కూలోళ్ళు తట్టలు పట్టుకుని ఒచ్చిన్రు. హాస్టల్ పోరగాండ్లు దోమతెరలు, ఫంక్షన్ హాలు వంటోళ్ళు జాలి గంటెలు. ఆడోళ్ళు పాత చీరలు రెండు కొసలు పట్టుకుని బారుగ దిగిన్రు. ఒర్రుడు, నవ్వుడు, జారిపడుడు. చేతికి దొరికిన బొచ్చె తోకతోని మొకం మీద కొడితె ఒక పోరడు ఎల్లెలకల పడ్డడు.

అండాలమ్మ ఒడ్డున నిలవడి చూసింది. తను పిల్లగ ఇడిచిన చేపలు అవి. ఎట్ల పట్టుకోవాల్నో గూడ తెల్వనోళ్ళు మొప్పలల్ల ఏళ్ళు పెట్టి లేపుకపోతున్నరు. ఆపాలని నోటిదాకా ఒచ్చింది. కేక ఏసినంక ఆపొద్దు. పండ్లు బిగవట్టుకున్నది.

"గుంతల గూడ దిగున్రి! గుంతల పెద్దయున్నయి!" అని తనే అరిసింది. అరిసి, కండ్లు మూసుకున్నది.

గుంత ఉడికినట్టు కదిలింది. జరసేపట్ల నీళ్ళు నల్ల బురదయినయి. కట్ట ఎనుక మోటరు గొంతు మారింది. ముందు దగ్గినట్టు, తర్వాత గరగర, ఆఖరికి కాలిన వాసన, పొగ. బక్కయ్య లుంగీ ఎగగట్టుకుని కట్ట మీదికి ఉరికొచ్చిండు.

"ఎవలు దిగమన్నర్రా మిమ్మల్ని? ఎల్లున్రి! పోలీసులను పిలుస్త!"

బనీను ముసలోడు బురదలనుంచే నవ్విండు. "పెద్దింటోళ్ళ కేక పడ్డది బక్కయ్యా. నువ్వు చిన్నింటోనివి. నువ్వాపితె ఆగదు."

బక్కయ్య వదినె దిక్కు మల్లిండు. "నీ నోట్ల నువ్వే మట్టి కొట్టుకున్నవ్ గదే!"

"కొట్టుకున్న. నీ మోటరు నోట్ల గూడ కొట్టిన. ఇగ పో."

జనం ఎట్ల ఒచ్చిన్రో అట్లనే పోయిన్రు. ఎండ నడినెత్తికి ఒచ్చేసరికి కుంటల పాదాల జాడలు, తెగిన చెప్పులు, బురద మిగిలింది. జగన్ అప్పుడు దిగొచ్చిండు, కండ్లు ఎర్రజేసుకుని.

"సంబురమైందా అమ్మా? మోటరు కాలింది. చిన్నాయిన నన్ను పనిల కెళ్ళి తీసేసిండు. సంబురమైందా?"

"కాలేరా, సంబురం కాలే!" ఆమె గుంత దిక్కు చెయ్యి చూపిచ్చింది. "మీ నాయిన ఏనాడు వల ఎయ్యని జాగ గది. పిల్లల తల్లి ఉన్నదని తెలిసి తెలిసి ఊరందరితోని తొక్కిచ్చిన. నా నోటితోని నేనే చెప్పి తొక్కిచ్చిన. నాతోని గింత పాపం చేపిచ్చింది నువ్వు. నా కడుపున పుట్టినోడివి నువ్వు!"

ఏడిస్తె ఎవరన్న చూస్తరని సాయిలు పోయిన్నాడు గూడ బయట ఏడ్వలే ఆమె. ఇప్పుడు నడి కుంటల, మిట్టమధ్యాన్నం, బొడబొడ ఏడ్సింది. ఏడ్సుకుంటనే కొడుకును తిట్టింది.

జగన్ చెప్పులు ఇడిచి, ప్యాంటు మోకాళ్ళ మీదికి మడిచి, గుంతల దిగిండు. బురదల కూసుని, చెంప బురదకు ఆనిచ్చి, చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టిండు. అచ్చం సాయిలు పెట్టినట్టే. ఒక దిక్కు తడిమిండు, ఇంకో దిక్కు తడిమిండు. ఉన్నట్టుండి మొకం మారింది.

"అమ్మా! ఉన్నదే! సావలే!"

మోచెయ్యంత కొర్రమట్ట, ఒంటి నిండ బురద, దవడలు ఆడిస్తున్నది. దాని పక్కనే చిన్న నీటి మడుగుల ఎర్ర పిల్లలు నాలుగు పిడికిళ్ళంత మిగిలినయి, గుంపు ఇడవకుండ.

"నిలవడి చూస్తవేందిరా? నీళ్ళల్ల ఇడువు!"

"నీళ్ళేడున్నయే? అంతా బురదనాయె."

"అమ్ముకున్నోడివి నువ్వే గదా. పోయి అడుక్కరా!"

జగన్ చేపను రొమ్ముకు అదుముకుని కట్ట దిక్కు చూసిండు. షెడ్డు ముంగట నీలం ట్యాంకర్ ఉన్నది. తెల్లారంగ, లూటీ కేక పడకముందు నింపింది. కాలనీకి పోవాల్సిన నీళ్ళు అట్లనే ఉన్నయి. అతను ఉరికిండు. నిచ్చెన ఎక్కి, మూత తీసి, కొర్రమట్టను లోపలికి ఇడిచిండు. దిగొచ్చి తువ్వాల పరిచిండు. తల్లి దోసిలితోని పిల్లలను ఎత్తి పోస్తుంటె, ఒక్కటి గూడ కింద పడకుండ మోసిండు. బతుకుతయో సస్తయో ఇద్దరికి తెల్వదు. బక్కయ్య ఒచ్చి ఎంత ఒర్రినా, నీళ్ళు తేరుకునే దాకా, లేకుంటె మొదటి వాన దాకా, ఉంచుడే.

ట్యాంకర్ క్యాబిన్ల జగన్ ఫోన్ మోగుతున్నది. ఆగుతున్నది, మళ్ళ మోగుతున్నది. అండాలమ్మ బురద చేత్తోనే ఎత్తింది.

"జగన్, ఎంతసేపు బాబూ? పొద్దున్నే నింపానన్నావు, ఇంకా రాలేదేంటి?" ఉదయలక్ష్మి గొంతు.

"జగన్ గాదమ్మా, అండాలమ్మను. ట్యాంకర్ రాదు."

"అదేంటి? నీళ్ళు లేవా?"

"ఉన్నయి. అండ్ల చేపలున్నయి."

అటు దిక్కు గొంతు పెరిగింది. కోపంతోనో, ఏడుపుతోనో. "నీకు మా అత్తగారి సంగతి తెలుసు కదా అండాలమ్మా!"

"తెలుసు. దుప్పట్లు మా ఇంటికి పంపియ్యి. మా గల్లీల నల్లా ఒచ్చిన్నాడు నేనే ఉతికిస్త. గీ నీళ్ళు మాత్రం రావు."

"చేపలకున్న విలువ మాకు లేదా? మేం ఎక్కడికి పోవాలి? చెప్పు!"

ఆ మాట గేటు కాడ అడిగిన్నాడు అండాలమ్మకు జవాబు దొరకలే. ఇయ్యాల దొరికింది.

"మీ ఇల్లున్న జాగల గూడ చేపలే ఉండేటియమ్మా. మట్టి పోస్తున్న నాడు, ఎక్కడికి పోవాలె అని అవి గూడ అడిగే ఉంటయి. ఎవరన్న చెప్పిన్రా?"

అండాలమ్మ ఫోన్ సీటు మీద పెట్టి, ట్యాంకర్ మీద తడి గోనెలు కప్పుమని జగన్‌ను తిట్టుకుంట, ఇంక పిల్లలేమన్న మిగిలినయేమోనని మళ్ళ గుంతల దిగింది.